బిడ్డ పోతే దోషి ఎవరు? - మూత్రం చెప్పిన సాక్ష్యం

చాలా ఏళ్ళ కిందట నల్గొండ జిల్లాలో ఒక ఊళ్ళో బాణామతి మీద ప్రదర్శన ఇస్తున్నాం. నిప్పుల మీద నడిచాం, నాలుకకు శూలం గుచ్చుకున్నాం, నిమ్మకాయలోంచి రక్తం కార్చి దాని రహస్యం విప్పి చెప్పాం. జనం బాగానే చప్పట్లు కొట్టారు. చివర్లో ఒక ముసలాయన లేచి అడిగాడు. "సారూ, ఇవన్నీ కనికట్టే అని ఒప్పుకుంటం. మరి నా కొడుక్కు పుట్టిన ముగ్గురు పోరగాళ్ళు వారం తిరగకముందే ఎట్ల పోయిన్రు?"

మా దగ్గర జవాబు లేదు. "ఏదో జబ్బు అయి ఉంటుంది" అన్నాం. ఆయన కూర్చున్నాడు గానీ ఒప్పుకోలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ముగ్గురూ పుట్టినప్పుడు బాగానే ఉన్నారట. మూడు నాలుగు రోజులకు పాలు తాగడం మానేశారు. వాంతులు, ఎగశ్వాస, మత్తు, ఫిట్స్, ఆ తరవాత చావు. ముగ్గురిదీ ఒకే వరస. ఇలాంటి ఇంటికి ఊళ్ళో వివరణల కొరత ఉండదు. బాలగ్రహదోషం అని ఒకరు, దిష్టి అని ఒకరు, కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదని ఇంకొకరు అంటారు. చేతబడి అన్న మాట పుట్టిందంటే ఎవరో ఒక ఒంటరి ముసలామె ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఈ వివరణలన్నీ "ఎవరు చేశారు?" అన్న ప్రశ్నకే జవాబులు. "ఏం జరిగింది?" అని అడిగేవాళ్ళు ఉండరు. ఆ రెండో ప్రశ్న అడగడం మనిషి ఎలా నేర్చుకున్నాడో చెప్పే చరిత్ర ఒకటి ఉంది. అది పసిపిల్లల ఉచ్చగుడ్డలతో మొదలవుతుంది. ఆ ముసలాయనకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు అందులోనే ఉందని నాకు చాలా కాలానికి గాని తెలియలేదు.

మూత్రం చూసి రోగం చెప్పడం కొత్త విద్య కాదు. యోగరత్నాకరం అనే ఆయుర్వేద గ్రంథంలో తైలబిందు పరీక్ష ఉంది. రోగి మూత్రంలో నూనెచుక్క వేసి, అది ఏ దిక్కుకు పాకింది, ఏ ఆకారంలోకి మారింది అన్నదాన్నిబట్టి మనిషి బతుకుతాడో లేదో చెప్పేవారు. మధ్యయుగాల ఐరోపాలోనూ అదే తంతు. వైద్యుడు రోగిని చూడనక్కర్లేదు. గాజుబుడ్డిలో మూత్రం పంపిస్తే చాలు, దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని జాతకం చెప్పినట్టు చెప్పేసేవాడు. ఇంగ్లండులో థామస్ బ్రయన్ అనే వైద్యుడు 1637లో వీళ్ళను ఎండగడుతూ ఒక పుస్తకమే రాశాడు. "ఉచ్చ జోస్యుడు" అని అర్థం వచ్చే పేరు పెట్టాడు దానికి.

మన పూర్వులను పూర్తిగా తీసిపారెయ్యడం కూడా న్యాయం కాదు. కొందరి మూత్రం తియ్యగా ఉంటుందనీ దానికి చీమలు పడతాయనీ వాళ్ళు గమనించారు. మధుమేహం అన్న పేరే అందుకు సాక్ష్యం. అయితే గమనించడం ఒక మెట్టు, సరిచూడడం ఇంకో మెట్టు. మాథ్యూ డాబ్సన్ 1776లో రోగి మూత్రాన్ని ఇగరబెట్టి, అడుగున మిగిలింది చక్కెరే అని చూపించాడు. ఎవరైనా మళ్ళీ చేసి చూసుకోవచ్చు. జోస్యానికీ పరీక్షకూ తేడా అక్కడే ఉంది. ఇక మూత్రం తాగితే రోగాలు పోతాయనేవాళ్ళు మన దేశంలో ఎప్పుడూ ఉన్నారు. ప్రధానమంత్రిగా పనిచేసిన మొరార్జీ దేశాయ్ కూడా ఆ అలవాటు గురించి బాహాటంగానే చెప్పుకున్నారు. తాగినవాళ్ళకు అది ఏమీ నేర్పలేదు గాని, చదివినవాళ్ళకు చాలా నేర్పింది.

అలా చదివినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్. కొందరు పిల్లల మూత్రం గాలి తగిలితే నల్లబడుతుంది. గుడ్డల మీద పడితే నల్లటి మరకలు. దీనికి ఆల్కాప్టోన్యూరియా అని పేరు. ఆ నలుపుకు కారణం హోమోజెంటిసిక్ ఆసిడ్ అనే పదార్థమని 1891లోనే తేలింది. అది పేగుల్లో చేరిన ఏదో సూక్ష్మజీవి పని అని అప్పట్లో చాలామంది అనుకునేవారు.

గారడ్‌కు ఆ మాట నచ్చలేదు. సూక్ష్మజీవి అయితే ఎప్పుడో సోకాలి, ఎప్పుడో తగ్గాలి. ఇది పుట్టుకతో వచ్చి జీవితాంతం ఉంటోంది. పైగా ఒకే ఇంట్లో తోబుట్టువుల్లో కనిపిస్తోంది, వాళ్ళ తలిదండ్రులకు అది ఉండటం లేదు. తను చూస్తున్న ఒక కుటుంబంలో 1901లో ఇంకో బిడ్డ పుట్టబోతోందని తెలిసి, పుట్టిన దగ్గర్నుంచీ గుడ్డలు గమనిస్తూ ఉండమని చెప్పి పెట్టాడు. రెండు రోజులు దాటేసరికి మరక కనిపించింది. ఇంకో సంగతి కూడా ఆయన కంటపడింది. ఇలాంటి పిల్లల తలిదండ్రులు చాలాచోట్ల దగ్గర బంధువులు, అన్నదమ్ముల అక్కచెల్లెళ్ళ పిల్లలు. అప్పటికి మెండెల్ సూత్రాలు మళ్ళీ వెలుగులోకి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. విలియం బేట్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడితో సంప్రదించి, ఇది తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ రెండు లోపాలు కలిస్తేనే బయటపడే సంగతి అని గారడ్ 1902లో ప్రకటించాడు. 1908లో ఉపన్యాసాలిచ్చి, 1909లో వాటిని పుస్తకంగా వేశాడు. "పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలు" అన్న భావన వైద్యశాస్త్రానికి అందింది అప్పుడే.

ఆయన చెప్పినదాన్ని మన పంటకాలువతో పోల్చి చెప్పుకోవచ్చు. తిన్న తిండిలోని మాంసకృత్తులు, కొవ్వు ఒక్కసారిగా కరిగిపోవు. ఒక పదార్థం ఇంకోదానిగా, అది మరోదానిగా మెట్టుమెట్టుగా మారుతూ పోతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఎంజైము తూములాగా పనిచేస్తుంది. ఆ తూము పుట్టుకతోనే పూడిపోయి ఉంటే పైన నీళ్ళు నిలుస్తాయి, కింద చేలు ఎండుతాయి, నిలిచిన నీళ్ళు గట్టు తెగి పక్కకు పారుతాయి. ఆ పక్కకు పారిన నీరే మూత్రంలో కనిపించే వింత ఆమ్లం. అది ఏ ఆమ్లమో తెలిస్తే ఏ తూము పూడిందో చెప్పవచ్చు. కడుపులో ఉన్నంతకాలం తల్లి శరీరం బిడ్డ భారం మోస్తుంది కాబట్టి చాలా జబ్బుల్లో బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. సొంతంగా పాలు అరిగించుకోవడం మొదలుపెట్టాకే కష్టం వస్తుంది. నల్గొండ ముసలాయన చెప్పిన "మూడు నాలుగు రోజులు" అన్న లెక్కకు అర్థం ఇదీ.

ఆల్కాప్టోన్యూరియా పసితనంలో ప్రాణం తీసే జబ్బు కాదు. కీళ్ళు అరగడం లాంటి బాధలు పెద్దయ్యాక వస్తాయి. ఈ లోపాలకూ పిల్లల బుద్ధిమాంద్యానికీ సంబంధం ఉండవచ్చని తెలిసింది 1934లో, నార్వేలో. ఒక తల్లికి ఇద్దరు పిల్లలు. పుట్టినప్పుడు బాగానే ఉన్న ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. వాళ్ళ దగ్గర ఏదో ముక్క వాసన వస్తోందని ఆమె ఎందరో డాక్టర్లకు చెప్పింది. కారణం చెప్పగలిగినవాళ్ళు లేరు. చివరికి ఆమె మాట విన్నవాడు అస్బ్యోర్న్ ఫోలింగ్. ఆయన వైద్యుడే కాక రసాయన శాస్త్రం కూడా చదువుకున్నవాడు.

మధుమేహ రోగుల్లో కీటోన్ల కోసం చేసినట్టే ఫోలింగ్ ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేశాడు. రావలసిన రంగు రాలేదు, ఆకుపచ్చ రంగు వచ్చింది. ఏదో కొత్త సంగతి కనిపెట్టానని ఆయన వెంటనే చంకలు గుద్దుకోలేదు. పిల్లలకు వేసే మందుల వల్ల ఆ రంగు వచ్చిందేమోనని అనుమానించాడు. ఒక వారం అన్ని మందులూ ఆపి మళ్ళీ మూత్రం తెమ్మన్నాడు. మళ్ళీ ఆకుపచ్చే. అప్పుడు లీటర్ల కొద్దీ మూత్రం తెప్పించుకొని, అందులో ఉన్నదాన్ని వేరుచేసి శుద్ధి చేసి, అది ఫినైల్ పైరూవిక్ ఆసిడ్ అని నిర్ధారించాడు. తరవాత బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళను ఉంచే సంస్థల్లో 430 మంది మూత్రం పరీక్షిస్తే ఇంకో 8 మందిలో అదే కనిపించింది. మూత్రంలోని ఆమ్లాన్ని పట్టుకొని మెదడు జబ్బుకు కారణం చెప్పడం అదే మొదలు. ఆ జబ్బుకే తరవాత ఫినైల్‌కీటోన్యూరియా అని పేరు వచ్చింది.

అది ఎలాంటి కాలమో గుర్తుంచుకోవాలి. ఫోలింగ్ ఫలితాలు వెలువడటానికి సరిగ్గా ఏడాది ముందు, 1933లో, హిట్లర్ ప్రభుత్వం వంశపారంపర్య రోగాలు ఉన్నాయన్నవాళ్ళను బలవంతంగా గొడ్రాళ్ళను చేసే చట్టం తెచ్చింది. "చెడు రక్తం" అన్న మాట మూఢనమ్మకాల నుంచి సైన్సు వేషం వేసుకొని వచ్చింది. దానికి జవాబు లెక్కల్లోనే దొరికింది. బ్రిటన్‌లో లియొనెల్ పెన్‌రోజ్ 1946లో ఇదే జబ్బును ఉదాహరణగా తీసుకొని ఆ వాదాన్ని పూర్వపక్షం చేశాడు. లెక్క మనమూ వేసుకోవచ్చు. ఒక జబ్బు 10,000 మందిలో ఒకరికి ఉందనుకుందాం. ఆ లోపాన్ని ఒక పాలు మోస్తూ ఏ జబ్బూ లేకుండా తిరిగేవాళ్ళు దాదాపు 50 మందిలో ఒకరు ఉంటారు. అంటే రోగులను ఏరిపారేసి జాతిని "శుద్ధి" చెయ్యాలనుకునేవాడు, ఆ శుద్ధిచేసే అధికారుల్లోనే ఎందరో ఆ లోపం మోస్తున్నారని ఒప్పుకోవాలి. మచ్చలేని వంశం అంటూ ఏదీ లేదు.

వైద్యం కూడా వచ్చింది. 1950ల మొదట్లో బర్మింగ్‌హామ్‌లో హోర్స్ట్ బికెల్, ఆయన సహచరులు ఫినైల్‌అలనిన్ తక్కువగా ఉండే ఆహారం తయారుచేసి ఒక చిన్నపిల్లకు పెట్టారు. ఆ పిల్ల తల్లి రోజూ వచ్చి "నా బిడ్డకు ఏదో ఒకటి చెయ్యండి" అని పట్టుబట్టబట్టే అది జరిగింది. పిల్ల కాస్త తేరుకుంది. అది ఆహారం గుణమా, తల్లి ఆశ గుణమా? తేల్చుకోవడానికి డాక్టర్లు ఆమెకు చెప్పకుండా ఆహారంలో ఫినైల్‌అలనిన్ కలిపారు. పిల్ల పరిస్థితి మళ్ళీ దిగజారింది. అనుమానం తీరింది. తల్లికి చెప్పకుండా బిడ్డ మీద అలా చెయ్యడాన్ని ఈ రోజు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కాని తమ విజయాన్నే తాము అనుమానించారు చూడండి, ఏ బాబా అయినా ఎప్పుడైనా ఆ పని చేశాడా?

ఇంతవరకూ పరీక్ష అంటే రంగు మారడమే. అలా రంగుతో దొరికే జబ్బులు కొన్నే. తక్కినవి ఎన్నో పేరు లేకుండానే పిల్లలను పొట్టనబెట్టుకుంటున్నాయి. వాటిని పట్టుకోవడానికి రెండు యంత్రాలు కలవాల్సి వచ్చింది. మొదటిది గ్యాస్ క్రొమాటోగ్రఫీ, 1952లో జేమ్స్, మార్టిన్ ప్రకటించిన పద్ధతి. ఆవిరిగా మార్చిన మిశ్రమాన్ని సన్నటి గొట్టం గుండా పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికి వస్తుంది. రెండోది మాస్ స్పెక్ట్రోమీటర్. అలా బయటికి వచ్చిన పదార్థం అణువులను ముక్కలు చేసి ఆ ముక్కల బరువులు చూస్తుంది. ఏ పదార్థం ఏ ముక్కలుగా విరుగుతుందన్నది దాని వేలిముద్ర లాంటిది. 1950ల మధ్యలో ఈ రెంటినీ జతచేశారు.

ఈ జోడీతో మొదటి పెద్ద విజయం 1966లో బోస్టన్‌లో వచ్చింది. ఇద్దరు తోబుట్టువులు మాటిమాటికీ వాంతులు చేసుకొని స్పృహ తప్పేవారు. అప్పుడు వాళ్ళ ఒంటినుంచి చెమట పట్టిన పాదాల వాసన వచ్చేది. కే తనాకా అనే జపాన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ వాసన ఐసోవలెరిక్ ఆసిడ్‌దని తేల్చారు. లూసిన్ అనే అమైనో ఆమ్లం అరిగే దారిలో ఒక తూము పూడిపోయింది. మరుసటి ఏడాది, 1967లో, ఫోలింగ్ పనిచేసిన ఓస్లోలోనూ లండన్‌లోనూ విడివిడిగా మిథైల్ మలోనిక్ ఆసిడ్ పేరుకుపోయే జబ్బును గుర్తించారు. 1968లో అమెరికాలో లియాన్ రోజెన్‌బర్గ్ బృందం ఇంకో మంచి వార్త చెప్పింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి బీ12 విటమిన్ పెద్ద మోతాదులో ఇస్తే ఆమ్లం తగ్గుతుంది. అప్పటిదాకా ఖర్మ అనుకున్నది కొందరి విషయంలో ఒక సూదిమందుకు లొంగింది.

పరీక్ష చేసే తీరు ఈనాటికీ సుమారుగా అదే. మూత్రానికి ఆమ్లం కలిపి, ఈథైల్ ఎసిటేట్ లాంటి ద్రావకంతో సేంద్రియ ఆమ్లాలను బయటికి లాగి, ఆవిరయ్యేలా రసాయనికంగా మార్చి, యంత్రంలోకి పంపుతారు. కాగితం మీద వరసగా శిఖరాలు వస్తాయి. మామూలు మనిషికి ఎక్కడ చిన్న గుట్ట ఉండాలో అక్కడ కొండ లేచిందంటే జబ్బు ఉన్నట్టు. రక్తం కంటే మూత్రం ఎందుకంటే, శరీరం వదిలించుకోవాలనుకున్న ఆమ్లాలను మూత్రపిండాలు అక్కడికే తోసేస్తాయి. బిడ్డ జబ్బుగా ఉన్న రోజు తీసిన మూత్రం ఎక్కువ చెబుతుంది. తేరుకున్నాక తీసినదాంట్లో కొన్ని జబ్బులు దాక్కుంటాయి.

ఇక ఈ చరిత్రలో హేతువాదులు అందరికంటే ఎక్కువ గుర్తుంచుకోవలసిన ఘట్టం. 1989 వేసవిలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పట్రీషియా స్టాలింగ్స్ అనే ఆమె తన మూడు నెలల బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వాంతులు, ఎగశ్వాస, మత్తు. రక్తం పరీక్షించి, అందులో ఎథిలీన్ గ్లైకాల్ ఉందన్నారు. కారు రేడియేటర్లలో గడ్డకట్టకుండా పోసే ద్రవం అది, విషం. రెండు ప్రయోగశాలలు అదే మాట చెప్పాయి. బిడ్డను తలిదండ్రుల నుంచి తీసేసి వేరేచోట పెంపకానికి ఇచ్చారు. ఒకరోజు ఆమె చూడటానికి వెళ్ళి బిడ్డకు పాలు పట్టింది. కొన్ని రోజులకు బిడ్డ మళ్ళీ జబ్బుపడి సెప్టెంబరులో చనిపోయాడు. తల్లి మీద హత్యానేరం మోపారు.

అప్పటికే ఆమె గర్భవతి. 1990 ఫిబ్రవరిలో కస్టడీలో ఉండగా రెండో బిడ్డ పుట్టాడు. ఆ బిడ్డను పుట్టగానే తీసుకెళ్ళిపోయారు, తల్లి చేతికి చిక్కే అవకాశమే లేదు. కొద్ది వారాల్లో వాడికీ అవే లక్షణాలు వచ్చాయి. పరీక్షిస్తే మిథైల్ మలోనిక్ ఆసిడ్ జబ్బు అని తేలింది. ఇక కేసు వీగిపోవాలి కదా? వీగిపోలేదు. రెండో బిడ్డకు ఉన్నంత మాత్రాన మొదటివాడికీ ఉందని రుజువేమిటన్నది సర్కారు వాదన. ఆ జబ్బు గురించిన వైద్య సాక్ష్యం జ్యూరీ ముందుకే రాలేదు. 1991 జనవరిలో ఆమె దోషి అని తీర్పు వచ్చింది. యావజ్జీవ శిక్ష పడింది.

ఆమె కథ ఒక టీవీ కార్యక్రమంలో వచ్చింది. సెయింట్ లూయీ విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రజ్ఞుడు విలియం స్లై అది తెలుసుకొని, తన సహచరుడు జేమ్స్ షూమేకర్‌తో కలిసి చనిపోయిన బిడ్డ రక్తం నమూనా తెప్పించి చూశారు. అందులో ఎథిలీన్ గ్లైకాల్ లేదు. ఉన్నది ప్రొపియోనిక్ ఆసిడ్, మిథైల్ మలోనిక్ జబ్బులో పేరుకునే ఆమ్లమే. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన పియెరో రినాల్డో కూడా విడిగా చూసి అదే నిర్ధారించాడు. 1991 జులైలో ఆమెను విడుదల చేశారు. సెప్టెంబరులో సర్కారు న్యాయవాదే కేసు ఎత్తేసి ఆమెకు క్షమాపణ చెప్పాడు. ఈ పొరపాటు ఎలా జరిగిందో షూమేకర్, స్లై 1992లో ఒక పిల్లల వైద్య పత్రికలో ప్రచురించారు.

పొరపాటు ఇదీ. మొదటి పరీక్షల్లో గొట్టంలోంచి ఒక పదార్థం ఇంచుమించు ఎథిలీన్ గ్లైకాల్ వచ్చే సమయానికే వచ్చింది. దాన్ని చూసి ఎథిలీన్ గ్లైకాలే అనుకున్నారు. రోజూ ఎనిమిది గంటల బస్సులో రామయ్య దిగుతాడు కాబట్టి ఈ రోజు ఎనిమిది గంటల బస్సులో దిగినవాడు రామయ్యే అన్నట్టు. వేలిముద్ర చూస్తే కాదని తెలిసేది. చూడలేదు. ఎందుకంటే అప్పటికే దోషి దొరికింది.

ఇది అమెరికాలో జరిగింది. జాతకాలూ బాణామతీ లేని చోట, తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళ మధ్య జరిగింది. చేతబడి చేసిందని ముసలామెను చెట్టుకు కట్టేసేవాళ్ళకూ వీళ్ళకూ తేడా లేదని నేను అనను. తేడా ఉంది. ఇక్కడ రక్తం నమూనా మిగిలి ఉంది, ఇంకొకరు మళ్ళీ చూడగలిగారు, తప్పు తేలాక ఒప్పుకున్నారు. మంత్రగాడి మాటను మళ్ళీ పరీక్షించే వీలు ఎక్కడా లేదు. కాని ఆ వీలు వాడుకోకపోతే ల్యాబు రిపోర్టు కూడా అంజనం వేసి చెప్పిన మాటే అవుతుంది. "సైన్సు చెప్పింది" అనడంతో హేతువాది పని తీరదు. ఎవరు చూశారు, ఎలా చూశారు, ఇంకెవరైనా చూశారా అని అడగాలి. ఫోలింగ్ మందులు ఆపించి మళ్ళీ చూసింది అందుకే.

ఇదే పరీక్ష మన దేశంలో వంశపారంపర్యం కాని ఒక మరణకారణాన్ని కూడా పట్టి ఇచ్చింది. బిహార్‌లోని ముజఫర్‌పుర్‌లో ఏటా లిచీ పళ్ళ కాలంలో రాత్రి బాగానే పడుకున్న పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి చనిపోయేవారు. ఎండ దెబ్బ అన్నారు, వైరస్ అన్నారు, పురుగుమందులు అన్నారు. 2014లో భారత, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి పరిశోధించారు. ఆ సీజనులో అక్కడి రెండు ఆస్పత్రుల్లో చేరిన 390 మంది పిల్లల్లో 122 మంది చనిపోయారు. పరీక్షించిన 73 మంది మూత్రంలో 48 మందిదాంట్లో లిచీలోని హైపోగ్లైసిన్, దానిలాంటి ఇంకో విషం తాలూకు అవశేషాలు దొరికాయి. పోల్చి చూడటానికి తీసుకున్న ఇతర రోగుల్లో ఒక్కరికీ లేవు. 2017లో ఆ ఫలితాలు ప్రచురించారు. జమైకాలో ఆకీ అనే పండు తిని వాంతులతో చనిపోయేవారి మూత్రంలో ఇలాంటి గుర్తులనే 1976లో చూపించినవాడు ఎవరనుకున్నారు? పాదాల వాసన జబ్బు కనిపెట్టిన తనాకానే. ఆ విషం పుట్టుకతో వచ్చే లోపం మూసే తూముల్లాంటివాటినే మూస్తుంది. ముజఫర్‌పుర్‌లో పళ్ళు తిని రాత్రి అన్నం లేకుండా పడుకున్న పిల్లలకే ముప్పు ఎక్కువ. అన్నం పెట్టి పడుకోబెట్టండి, ఫిట్స్ వస్తే వెంటనే గ్లూకోజు ఇవ్వండి అన్నది అందులోంచి వచ్చిన సలహా. గ్రహశాంతి కంటే చవక.

ఇక మన తెలుగునేలకు వద్దాం. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడం మన దగ్గర తరతరాలుగా ఉన్న ఆచారం. ముందు చెప్పిన 10,000కు ఒకటి లెక్కనే తీసుకుంటే, మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్ళి అయితే ఆ ముప్పు సుమారు ఏడు రెట్లు పెరుగుతుంది. మేనమామ మేనకోడలు అయితే సుమారు పదమూడు రెట్లు. అయినా ఎక్కువమంది మేనరికపు పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. అందుకే "మా తాత చేసుకున్నాడు, ఏమయింది?" అనే వాదన ఎప్పటికీ చావదు. మేనరికం లోపాన్ని పుట్టించదు, ఉన్న రెండు లోపాలను ఒకచోటికి చేరుస్తుంది. హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనం, పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలు వెయ్యిమందిలో ఒకరికి ఉన్నాయని చెప్పింది. 2021లో కేంద్రం ప్రకటించిన అరుదైన జబ్బుల విధానంలో మిథైల్ మలోనిక్, ప్రొపియోనిక్, ఐసోవలెరిక్ జబ్బులు ఉన్నాయి. దానికింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదు సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒకటి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ జబ్బుల్లో దాదాపు అన్నిటిలోనూ తల్లి ఇచ్చిన పాలు ఎంతో తండ్రి ఇచ్చిన పాలూ అంతే. ఇద్దరూ ఆరోగ్యవంతులే, ఇద్దరికీ తెలియదు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ముప్పు, పాచిక వేసినట్టు. ఒక బిడ్డ పోయింది కాబట్టి తరవాతి ముగ్గురికీ ఢోకా లేదని కాదు. ముగ్గురు పోయారు కాబట్టి నాలుగో బిడ్డ బతకదనీ కాదు. "కోడలి పాదం మంచిది కాదు" అనేవాళ్ళు కొడుకు పాదం గురించి కూడా ఆలోచించాలి.

ఈ మధ్య ఇదే పరీక్షను పట్టుకొని కొత్త జోస్యులు బయల్దేరారు. ఆటిజం ఎందుకు వచ్చిందో, అలసట ఎందుకో, పేగుల్లో ఏ బూజు పెరుగుతోందో మూత్రంలోని ఆమ్లాలు చెబుతాయని వేలకు వేలు వసూలు చేసి, దానికి తగ్గ విటమిన్ డబ్బాలు కూడా వాళ్ళే అమ్ముతున్నారు. తినే తిండి, వాడే మందులు, పసిపిల్లల డబ్బాపాలు కూడా ఆ కాగితం మీద చిన్నాచితకా గుట్టలు లేపుతాయి. గుట్టను చూపి కొండ అనడం తైలబిందు పరీక్షకు తిరిగి వెళ్ళడమే. ప్రాణాలు నిలబెట్టిన పరీక్ష పేరు పెట్టుకున్నంత మాత్రాన ప్రతి రిపోర్టూ నిజం కాదు.

ఆ ముసలాయన ఇప్పుడు లేకపోవచ్చు. ఆయన మనవళ్ళకు ఈ జబ్బే ఉందని నేను ఈ రోజు కూడా చెప్పలేను. పరీక్ష చెయ్యకుండా చెబితే నేనూ సోదె చెప్పేవాణ్ణే అవుతాను. కాని ఆ రోజు ఆయనకు చెప్పవలసింది ఒకటి ఉంది. నాలుగో కాన్పు వస్తే ముందే పెద్దాస్పత్రిలో ఈ సంగతంతా చెప్పండి, బిడ్డ పాలు మానేసిన రోజే మూత్రం, రక్తం పరీక్షించమనండి, ఒకవేళ పోతే అవి దాచి ఉంచమనండి, కోడల్ని ఒక్క మాట అనకండి. నిప్పుల మీద నడిచి చూపించడం కంటే అది పనికొచ్చేది. మంత్రం లేదని రుజువు చెయ్యడం మన పనిలో సగమే. బిడ్డ ఎందుకు పోయిందో చెప్పగలిగితేనే పక్కింటి ముసలామె ఆ రాత్రి తన ఇంట్లో నిర్భయంగా పడుకోగలుగుతుంది.